‘ఎప్పటి నుంచి’ అన్న గడి

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది ఆ పిల్ల అత్తగారే. మోసుకొచ్చింది గానీ, అది ఎలాంటి కబురో ఆమెకు తెలియదు.

పొద్దున ఎల్లారెడ్డి బస్టాండులో కామారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాగితప్పొట్లం పట్టుకొని ఆమె ఆయాసపడుతూ వచ్చింది.

“బిడ్డా, ఇన్సూరెన్సోల్లు మెసేజు పెట్టిండ్లు. కొడుకు డ్యూటీకి పోయిండు. పచ్చగ మెరుస్తుంది సూడు. పని అయినట్టే గదా?”

పొట్లంలో పుట్నాలు, బెల్లం. దేవుడికి చూపించి తెచ్చిందట. నేను ఫోను అందుకునేలోపే ఒక బెల్లం ముక్క నా నోట్లో పెట్టేసింది. నాకు ఇంగ్లీషు గడగడా రాదు. ఆసుపత్రి కాగితాలు చూసి చూసి నేర్చుకున్నదే, ఒక్కో మాటా కూడబలుక్కొని చదవాలి. ‘చింతిస్తున్నాము’ అన్న అర్థమొచ్చే మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. నోట్లో బెల్లం ఇంకా కరగలేదు.

“ఏమన్నరు?”

“ఒప్పుకోలే అవ్వా.”

ఆమె నా ముఖం చూసింది. ఫోను చూసింది. “మరి పచ్చగ ఎందుకున్నది?” అంది.

అది కంపెనీ గుర్తు రంగు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బస్సు వచ్చింది. కండక్టరమ్మ “ఎక్కుతవా అక్కా, ఎత్తుకొని ఎక్కియ్యాల్నా?” అని కేకేస్తే ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఆమె ఆ పొట్లాన్ని మళ్ళీ మడిచి చీర కొంగులో ముడేసుకుంటోంది.

ఆ మెసేజు నా ఫోనులోకి పంపించుకున్నాను. లింగంపేట దాటేదాకా దాన్నే చదివాను. పేషెంటుకు ఈ జబ్బు ఐదేళ్లుగా ఉందని ఆసుపత్రికి వచ్చిన మొదటి రోజు పేషెంటు తరఫువారే చెప్పారు, పాలసీ తీసుకొని రెండేళ్లే అయింది, అంటే జబ్బును దాచిపెట్టి పాలసీ తీసుకున్నారు, కాబట్టి ఏమీ చెల్లించలేము. ఇదీ దాని సారాంశం. ఐదేళ్లు అన్న ఆ మాట ఇంగ్లీషులో ఉన్నా నేను గుర్తుపట్టాను. దాన్ని కాగితం మీద పెట్టింది నేనే.

కామారెడ్డిలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను పనిచేస్తాను. మనసు బాగోలేని వారితో మాట్లాడి నయం చేసే మేడమ్ ఒకరు అక్కడ ఉన్నారు. మాత్రలు రాసే డాక్టరు వారానికి రెండుసార్లు వస్తారు. మేడమ్ రోజూ ఉంటారు. సూదీ మందూ లేకుండా చూస్తారు గనుక జనం ఆమెను ‘మాటల డాక్టరమ్మ’ అంటారు. వచ్చినవాళ్ళు ముందు నా బల్ల దగ్గర కూర్చుంటారు. పేరు, ఊరు, బాధ ఏమిటి, ఎప్పటి నుంచి. నాలుగు గడులున్న ఆ కాగితాన్ని నేను నింపుతాను. ఇన్సూరెన్సు కంపెనీలు కాదన్నప్పుడు మేడమ్ తరఫున మళ్ళీ అర్జీలు రాయడం, కాగితాలు జతచేయడం కూడా నా పనే. మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని చట్టం ఉందని మేడమ్ చెబుతారు. ఉంది. కానీ మా బల్ల మీదికి తిరిగొచ్చే కాగితాలు చూస్తే ఆ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, బడి దూరం. మా బాపు మెడలో తులసిమాల వేసుకున్న మనిషి, ఏటా కాలినడకన పండరికి పోయేవాడు. తన చేత్తో రాసుకున్న భజనల నోటుపుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పాడు. రెండే రెండు నియమాలు చెప్పాడు. ఒకటి, రాసింది పాండురంగని ముందు నిలబడి చదవగలిగేటట్టుంటేనే ఉంచు, లేకుంటే పలక తుడిచెయ్. రెండు, పొద్దుమూకి దీపం పెట్టేటప్పుడు ఆ రోజు మేలు చేసినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకో. రెండూ ఇన్నేళ్లుగా తప్పలేదు. సీటిచ్చిన ముసలాయన, చాయి తెచ్చిన ఆయమ్మ, ఆగిన వాన, ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. మేడమ్ నన్ను పనిలో పెట్టుకున్నది కూడా ఆ మొదటి నియమం వల్లే. “మీరు రాస్తే మనిషి మాట విన్నట్టే ఉంటది అక్కా. మార్చకుండా గట్లనే రాయండి” అన్నారు. ఆ మాటకు ఎన్ని సాయంత్రాలు కృతజ్ఞత చెప్పుకున్నానో.

ఆ పిల్ల నాకు పరాయిది కాదు. ఎల్లారెడ్డిలో మా వెనక గల్లీ కోడలు. ముప్ఫై లోపే ఉంటుంది. గల్లీ మొత్తానికీ జాకెట్లు కుట్టేది. ఒకసారి నా జాకెట్టు భుజాల దగ్గర పట్టేసిందని తీసుకుపోతే, టేపు మెడలో వేసుకొని నన్ను కిందికీ పైకీ చూసి, “జాకిట్‌దేం తప్పు లేదక్కా. నువ్వే జర మంచిగ తింటున్నవ్” అంది. వాళ్ళ అత్త లోపలి నుంచి “దాని మాటలకు నవ్వకు బిడ్డా, ఇంక ఎక్కువ చేస్తది” అంది. ఇద్దరూ తల్లీబిడ్డల్లా ఉండేవారు.

అలాంటి పిల్లను ఆ అత్త ఒకరోజు చెయ్యి పట్టుకొని మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఐదో నెలలో కడుపు పోయింది. అది రెండోసారి. అప్పటికి ఎనిమిది నెలలైంది. మొదట మాటలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి.

“బాధ ఏంది అవ్వా?” అని అడిగాను. తెలిసినా అడగాలి.

“మాట్లాడది. తినది. గోడ దిక్కు మొకం పెట్టి కూసుంటది. మిషను మీద గోనెసంచి కప్పి పెట్టింది.”

“ఎప్పటి నుంచి?”

“దీని తల్లి పోయిన కాడికెల్లి. ఐదేండ్లాయె.”

ఆ పిల్ల అవునన్నట్టు తల ఊపింది. ఆ రోజంతా ఆమె ఇచ్చిన జవాబు అదొక్కటే. ‘తల్లి చనిపోయినప్పటి నుంచి, ఐదేళ్లు’ అని రాశాను.

మా దిక్కు మనుషులు బాధను నడిమధ్య నుంచి లెక్కపెట్టరు. మా పెద్దమ్మను మోకాళ్ళ నొప్పి ఎప్పటి నుంచి అని అడిగితే, బర్రె చచ్చిన ఏడు నుంచి అంటుంది. బర్రెకూ మోకాలికీ సంబంధం లేదు. బర్రె పోయాక ఆ ఇంట్లో ఏదీ మునుపటిలా నడవలేదు, అందుకని అక్కడి నుంచి. ఆ తల్లి ఉండి ఉంటే బిడ్డను పక్కలో పడుకోబెట్టుకొని ఏడవనిచ్చేది, ఇంత దాకా వచ్చేదే కాదు. అత్తగారు చెప్పింది అది. నాకు అర్థమైంది. ఆ ఐదేళ్లలో నాలుగేళ్లకు పైగా ఆ పిల్ల నవ్వుతూ, కుడుతూ నా కళ్ళ ముందే తిరిగింది. అది తెలిసి కూడా విన్నది విన్నట్టే రాశాను. కాగితం చదివేవాళ్ళు మా దిక్కు వాళ్ళు కారన్న ఆలోచనే రాలేదు. నా కాగితం చూసి ఒక కుర్ర డాక్టరు కేసు పేపరులో ఇంగ్లీషులో ఎక్కించాడు. ఇంగ్లీషులో తల్లి పోయింది. ఐదేళ్లు మిగిలాయి.

పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తర్వాత వారం వారం మేడమ్ దగ్గరికి. ఆరో వారమనుకుంటాను, బల్ల ముందు కూర్చున్న మనిషి ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“కుట్టు ఊడింది అక్కా.”

నా జాకెట్టు చేతి అంచు. అంత మాట విని ఎన్నాళ్లయిందో. అత్తగారు వరండాలోకి పరుగెత్తి, ఎవరో ఏమిటో తెలియని వాళ్ళకల్లా “మా కోడలు మాట్లాడింది, మా కోడలు మాట్లాడింది” అని చెప్పింది. ఆయమ్మ సూదీ దారం తెచ్చింది. ఆ పిల్ల నిలబడే ఆ అంచు కుట్టేసి, దారాన్ని పంటితో కొరికింది. ఆ సాయంత్రం దీపం ముందు ఊడిన కుట్టుకు కూడా దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకే ఆ పచ్చటి మెసేజు.

కంపెనీ కాదన్న రోజే ఆమె భర్త తేల్చేశాడు. చెడ్డవాడు కాదు. ఆ పది రోజుల కోసం తన శక్తికి మించి అప్పు తెచ్చాడు. “పైన సార్లు కూడ కాదంటె ఇగ బంజేసుడే. ఇంట్లనే ఉంటది” అన్నాడు. మేడమ్ ఊరికే చూస్తానన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. “ఊకె చూపిచ్చుకుంటె ఒంటికి పట్టది బిడ్డా. ఏదన్న ఇచ్చుకోవాలె.” ప్రతివారం ఒక సేరు పెసర్లో, సంచిలో మక్క కంకులో తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టేది. మేడమ్ ఊరికే చూసినా మాత్రలకు, బస్సులకు, తెచ్చిన అప్పుకు డబ్బు కావాలి. ఆ పిల్ల మాట ముందుకు పోతుందా, ఆగిపోతుందా అన్నది ఇక మా అర్జీ మీద ఆధారపడింది.

మొదటి అర్జీకి మేడమ్ పత్రం రాశారు, ఆసుపత్రికి వచ్చేనాటికి జబ్బు మొదలై ఎనిమిది నెలలేనని. నేను గల్లీ గల్లీ తిరిగాను. ఆ పిల్ల కొలతలు రాసుకునే నోటుబుక్కు దొరికింది. ఛాతీ, భుజం, చెయ్యి, ఏ రోజుకు కావాలి, అన్నీ గుండ్రటి అక్షరాలతో. ఒకామె “మా బిడ్డ పెండ్లికి పదకొండు జాకిట్లు ఒక్క తప్పు లేకుంట కుట్టింది. దాన్ని పట్టుకొని ఐదేండ్ల రోగమంటరా? నేను సంతకం పెడ్త, వేలిముద్ర గూడ పెడ్త” అంది. ఇంకొకామె తలుపు సగమే తీసి “కోర్టు లెక్కనా? మా ఆయన ఊకోడు” అని మూసేసుకుంది. అన్నీ జతచేసి పంపాం.

జవాబు వచ్చింది. మొదటి రోజు వాళ్ళంతట వాళ్ళు చెప్పిన మాటనే తాము నమ్ముతామని, కాదన్న తర్వాత సమకూర్చుకున్న కాగితాలకు విలువ లేదని. మొదటి రోజు నింపిన అసలు కాగితం కూడా పంపమన్నారు.

ఆ రోజు మేడమ్ హైదరాబాదు పోయారు. బిల్లులు చూసే తమ్ముడు నా బల్ల మీద చెయ్యి ఆనించి మెల్లగా అన్నాడు.

“అక్కా, గా కాగితం నీ చేతిరాతనే గదా. ఇంకోటి తీస్కో. ఎనిమిది నెలలని రాయి. పాతది చింపెయ్. ఎవనికి తెలుస్తది?”

“గట్ల ఎట్ల రాస్త తమ్మీ?”

“అబద్ధం రాయమంటున్ననా? నిజమే రాయమంటున్న. నీ భక్తి సల్లగుండ, జర ఆ పిల్ల మొకం సూడక్కా.”

కొత్త కాగితం తీశాను. పేరు రాశాను, ఊరు రాశాను. ‘ఎప్పటి నుంచి’ అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఎనిమిది నెలలన్నది నిజం. అత్తగారు ఆ రోజు ఆ మాట చెప్పలేదన్నదీ నిజం. చివరికి ఆ కొత్తదాన్ని చింపి, పాతదాన్నే కవరులో పెట్టాను. మా దిక్కు మనుషులు ‘ఎప్పటి నుంచి’ అంటే ఏం చెబుతారో, పెద్దమ్మ బర్రె సంగతితో సహా, రెండు పేజీలు రాసి జతచేశాను. మేడమ్ వచ్చాక దాన్ని ఇంగ్లీషు చేశారు. ఒకే వాక్యంలో జవాబు వచ్చింది, తమ నిర్ణయంలో మార్పు లేదని. ఆ రోజు నేను నిలబెట్టింది సత్యాన్నో, బాపు బిడ్డనన్న నా గర్వాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. దేవుణ్ణి అడిగాను. చెప్పలేదు.

ఇక మిగిలింది ఒకటే. ఇలాంటి ఫిర్యాదులు వినే పై అధికారి హైదరాబాదులో ఉంటారు. ఆయనకు రాస్తే కంప్యూటరులోనే విచారణ పెట్టారు. పేషెంటు కూడా ఉంటే మంచిదన్నారు.

ముందు రోజు అత్తగారు అడిగింది, “ఎనిమిది నెలలని దీనికి నేర్పియ్యాల్నా?” అని. మేడమ్ వద్దన్నారు. “ఏమీ నేర్పొద్దవ్వా. ఇన్ని రోజులు మనం చెప్పిందేంది? మనసుల ఉన్నది భయపడకుండ చెప్పమనే గదా. ఇప్పుడు గిది చెప్పు, గది చెప్పొద్దంటె ఆమె మళ్ళ ముడుచుకపోతది.”

నాకూ అదే సరి అనిపించింది. ఇద్దరం కలిసి చేసిన తప్పు అది. తప్పో కాదో.

విచారణ రోజు ఆ పిల్ల చిలకాకుపచ్చ జాకెట్టు వేసుకొచ్చింది. మిషను మీది గోనెసంచి తీసి, రెండు రోజులు కూర్చొని తనే కుట్టుకుందట. మెడ చుట్టూ సన్నని పైపింగు. నా దగ్గరికి వచ్చి భుజం చూపించి, “గిప్పుడైతె మంచిగ కుదిరిందా అక్కా?” అంది. కుదిరిందన్నాను. మేడమ్ గదిలో కంప్యూటరు ముందు ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, భర్త ఒక పక్కన, అత్తగారు ఒక పక్కన కూర్చున్నారు. మేడమ్, నేను వెనక నిలబడ్డాం.

అధికారి పెద్దమనిషి. గొంతు మెత్తగా ఉంది. కంపెనీ తరఫున ఒకాయన చెప్పేది చెప్పాడు. మేడమ్ చెప్పారు, బాగా చెప్పారు. నోటుబుక్కు పేజీలు చూపించారు. అధికారి తల ఊపుతూ విన్నారు. నాకు ఆశ పుట్టింది. అప్పుడాయన ఆ పిల్ల వైపు చూసి, నిజంగా దయగానే అడిగారు.

“అమ్మా, నీకు ఈ బాధ ఎప్పటి నుంచి ఉందమ్మా?”

ఆమె కొంగు సర్దుకుంది. తననే అడిగారని సంతోషంగా కూడా ఉన్నట్టుంది. స్పష్టంగా, గట్టిగా, ఎనిమిది నెలల మౌనం తర్వాత మేమందరం కలిసి తెచ్చుకున్న ఆ గొంతుతో చెప్పింది.

“మా అమ్మ పోయిన కాడికెల్లి సారూ. ఐదేండ్ల సంది.”

కంపెనీ ఆయన “ఇక నేను చెప్పేదేం లేదు సర్” అన్నాడు. నేను ముందుకు వంగి, “సార్, మా దిక్కు లెక్క వేరే సార్. గది తల్లి సంగతి చెప్పింది, రోగం సంగతి కాదు” అన్నాను. “మీరెవరమ్మా?” అన్నారు అధికారి. “ఆ కాగితం రాసిన మనిషిని సార్.” “మీరు మధ్యలో మాట్లాడకూడదమ్మా” అన్నారు, అదీ మెత్తగానే.

తెర నల్లబడగానే అత్తగారి నోరు ఆగలేదు. “నీ నోట్ల మన్ను పడ! ఎనిమిది నెలలంటె నీ సొమ్మేం పోతుండె? ఇంత చేసి ఒక్క మాటతోని గంగల కలిపినవ్ గదనే!”

ఆ పిల్లకు మొదట అర్థం కాలేదు. “నాకు గప్పటి నుంచే గదత్తా” అంది. భర్త లేచి బయటికి పోయాడు. మేడమ్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, “నువ్వు తప్పు చెప్పలేదు, నువ్వు మంచిగ చెప్పినవ్” అని మళ్ళీ మళ్ళీ అంటున్నారు. ఆ పిల్ల మేడమ్‌ను కాదు, అత్తను చూస్తోంది. అత్త అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది, తిట్టినందుకు.

“నేను మాట్లాడినందుకే చెడిపోయింది” అంది ఆ పిల్ల.

అంతే. నేను విన్న ఆఖరి మాట అది.

రాతపూర్వకంగా తీర్పు తర్వాత వచ్చింది. అందులో ఏముందో మీకు తెలుసు. భర్త అన్నట్టే బంద్ చేశాడు. అత్తగారు పెసర్ల సంచితో ఒంటరిగా ఒకసారి వచ్చి, “మనిషి లేకున్న గివి తీస్కోండ్లి” అని పెట్టిపోయింది. గోడ దిక్కు తిరిగి కూర్చున్న మనిషిని రోజంతా ఎవరు చూస్తారని, మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి దిక్కు ఊళ్ళో ఉన్న ఆమె అన్న ఇంటికి పంపారు.

మొన్న సెలవు పెట్టుకొని బస్సులు మారి అక్కడికి పోయాను. వాళ్ళ వదిన మంచిదే, మరాఠీ తెలుగు కలిపి మాట్లాడుతుంది. “జేవన్ పెడ్తె తింటది, లేకుంటె అడుగది” అంది. ఆ పిల్ల వెనకింట్లో కూర్చొని ఉంది. వాళ్ళమ్మ పడుకునే గది అదేనట. నా జాకెట్టు చేతి కుట్టు కొంచెం ఊడదీసుకొని పోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. చెయ్యి ఆమె ముందు పెట్టాను. ఆమె చూసింది. చూపు మళ్ళీ గోడ మీదికి పోయింది. బస్సు టైమయ్యేదాకా ఆమె చెయ్యి పట్టుకొని కూర్చొని వచ్చాను.

ఆ సాయంత్రం దీపం పెట్టాను. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తోచలేదు. చివరికి, కోడలి చెయ్యి పట్టుకొని ఆసుపత్రి మెట్లెక్కిన ఆ అత్తకు చెప్పుకున్నాను. సేరు పెసర్లకు చెప్పుకున్నాను. దీపం కొండెక్కేదాకా ఇంకొకరు గుర్తుకు రాలేదు.

మా బల్ల మీద కాగితాలకు ఇంకా నాలుగే గడులు. ‘ఎప్పటి నుంచి’ దగ్గరికి వచ్చేసరికి ఏ ఏడు చెప్పినా ఇంకొకసారి, ఇంకో తీరుగా అడుగుతున్నాను. ఆ పిల్లకు దానివల్ల ఒరిగేది లేదు.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. ఆమె పేరు నేను చెప్పలేను. మీరు దేవుడి ముందు కూర్చుంటే అక్కడ, అలవాటు లేకపోతే టైలరు దగ్గర జాకెట్టు కొలతలిచ్చేటప్పుడు, చిలకాకుపచ్చ జాకెట్టు కుట్టుకొని వచ్చి అడిగినదానికి నిజం చెప్పిన ఆ పిల్లను ఒక్కసారి తలుచుకోండి.